తొట్టి కింద గోనె సంచులు

గోనె సంచులు ఈమధ్య బాగుండడం లేదు. కుట్టు లోపలికి మడిచి, మూలల్లో చిన్న జేబుల్లాంటివి వదిలేస్తున్నారు. బియ్యమైనా పెసలైనా సరే, గుమ్మరించి, తిరగేసి, ఎంత దులిపినా ఆ మూలల్లో గుప్పెడు గింజలు ఉండిపోతాయి. రాయగడలో బియ్యం, పప్పుల దుకాణం నడిపేవాడికి ఇది రోజూ ఉండే విసుగే. ప్రాణం మీదికి తెచ్చే సంగతని మాత్రం నాకు తోచలేదు.

మా ఆవిడకి నడుంలో డిస్కు జారింది. విశాఖపట్నం డాక్టరు, ఆపరేషన్ ఆఖరి దారి అన్నాడు. ఈలోగా రోజూ వేడినీళ్లలో మెడదాకా మునిగి కాళ్లు ఆడించమన్నాడు. మనిషి మెడదాకా మునిగే పాత్ర మా ఇంట్లో లేదు. అందుకని గాలి ఊదితే తొట్టి అయ్యేదొకటి తెప్పించాను. పక్కనే ఉండే మోటారు నీళ్లు కాచి బుడగలు వదులుతుంది. అమ్మినవాళ్లు దాన్ని స్పా అన్నారు. మా అమ్మ గాలి గంగాళం అంది.

ఇంట్లో పట్టక పెరట్లో చిక్కుడు పాదు పక్కన పెట్టాం. కొన్నాళ్లకే మా ఆవిడ గోడ పట్టుకోకుండా వంటింట్లోకి నడిచి, పొయ్యి దగ్గర నిలబడి ఉప్మా చేసింది. అడుగు మాడింది. అంత మంచి ఉప్మా నేనెప్పుడూ తినలేదు.

వేడినీళ్లు నడుంనొప్పి వాళ్లకే కావాలనుకోవడం నా అమాయకత్వం. ముందు చీమలు వచ్చి మోటారు పెట్టెలో కాపరం పెట్టాయి. వానలు పడగానే రోకలిబండ పురుగులు తొట్టి ఎక్కి, మూత అంచున చుట్టలు చుట్టుకుని పడుకున్నాయి. ఒక పొద్దున్న మూత తీస్తే నీళ్ల మధ్య ఒక కప్ప, కాళ్లు బారచాపి, డాక్టరు చెప్పిన వ్యాయామమే చేస్తోంది.

"దానికీ నడుం నొప్పేమోరా, ఉండనీ," అంది అమ్మ.

సున్నం గీతలు గీశాను. పసుపు చల్లాను. మూతని తాళ్లతో బిగించాను. చదువుకున్నవాణ్ణి కనక చివరికి, నేల తడిగా ఉండడమే అసలు కారణమని తేల్చాను. దుకాణంలోని ఖాళీ సంచులు తెచ్చి తొట్టి కింద వరసలుగా పరిచి, చుట్టూ గోడలా పేర్చాను. వేడి నిలుస్తుంది, తడి రాదు. గోడౌన్లో బస్తాల కింద సంచులు పరవడం మా తాతలనాటి పద్ధతి. గోడౌన్లో ఒక పిల్లి కూడా ఉండేదనీ, ఆ పద్ధతిలో అదీ భాగమేననీ నాకు గుర్తు రాలేదు.

చీమలు తగ్గాయి. రోకలిబండలు తగ్గాయి. కప్పలు ఒక్కటీ లేవు. సంతోషించాను. కప్పలు ఎందుకు లేవో ఆలోచించి ఉంటే అంత సంతోషించేవాణ్ణి కాదు.

"కింద ఏదో గీరతన్నట్టుందండీ," అంది మా ఆవిడ ఒకసారి, నీళ్లలోంచి.

"మోటారు," అన్నాను.

ఒకరోజు దీపాలు పెట్టే వేళయింది. మా ఆవిడ మెడదాకా నీళ్లలో కళ్లు మూసుకుని ఉంది. అమ్మ వరండాలో తోటకూర బాగుచేస్తోంది. కబుర్లాడదామని సంచుల మీద కూర్చోబోతే చేతికి పల్చగా ఏదో తగిలింది. ప్లాస్టిక్ కవరనుకుని లాగాను. వస్తూనే ఉంది. నా చెయ్యంత వచ్చాక కూడా ఇంకా వస్తోంది. చివర తల ఆకారం, అందులో కళ్లున్న చోట గాజుబిళ్లల్లాంటి రెండు పొరలు. కుబుసం. ఇంకా మెత్తగానే ఉంది, ఎండలేదు.

అంటే దాని యజమాని దూరం వెళ్లలేదు.

కేక వెయ్యడానికి లేదు. ఉలిక్కిపడి నడుం ఒక్కసారి మెలి తిరిగితే కాళ్లు పడిపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. తొట్టిలోంచి ఆవిడ తనంతట తను లేవలేదు. నా చేతులు పట్టుకుని, పక్కకి తిరిగి, పీట మీద ఒక కాలు వేసి, ఊపిరి తీసుకుని, అప్పుడు రెండోది. ఆ పీట సంచుల పక్కనే ఉంది.

"లేద్దామా?" అన్నాను.

"ఇప్పుడే గదా దిగేను."

"వానొచ్చేలా ఉంది."

ఆవిడ కళ్లు తెరిచి ఆకాశం చూసింది. మబ్బు తునక లేదు. తర్వాత నా మొహం చూసింది. ఇంకేమీ అడగకుండా చేతులు చాపింది.

ఒక కాలు తొట్టి అంచు దాటి, పీటకి జానెడు ఎత్తున ఉండగా, సంచి ఉబ్బింది. ముందు తల వచ్చింది. తర్వాత మిగతాది, తొందరేం లేనట్టు. నాగు. పీటని ఆనుకుని ఆగింది.

మా ఆవిడ చూసింది. అరవలేదు. బరువంతా నా చేతుల మీద వేసి, ఆ కాలు అలాగే గాల్లో ఉంచింది. మడమ నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా పీట మీద పడుతున్నాయి. బొట్టు పడినప్పుడల్లా అది తల ఇంకొంచెం ఎత్తుతోంది. ఆవిడ గోళ్లు నా ముంజేతుల్లోకి దిగాయి. నొప్పి తెలియలేదు.

"ఏటర్రా, అలా సేతులట్టుకుని నిలబడిపోయేరు?" అని వరండాలోంచి అమ్మ. "మళ్లీ పెళ్లేటి?"

నాగు పడగ సగం విప్పింది. సంచుల్లో ఎక్కడో ఎలకపిల్ల కీచుమంది. పడగ ముడుచుకుని, వచ్చినదారినే తొట్టి కిందికి వెళ్లిపోయింది. బయటికి కాదు, కిందికి. ఆవిడని తొట్టి రెండో పక్క నుంచి ఎత్తుకుని వరండాలోకి తెచ్చాను. పెళ్లప్పుడు కూడా ఎత్తుకోలేదు. అమ్మ చేతిలోని తోటకూర కట్ట నేల మీద పడింది.

మర్నాడు కొల్నార వైపు నుంచి పాములు పట్టే అతను వచ్చి సంచులన్నీ లాగాడు. మూలల్లో మిగిలిన పెసలు చక్కగా మొలకెత్తాయి. వాటి మధ్య ఎలకల గూడు. పాము లేదు. "చాలిగలా" అన్నాడు ఒడియాలో, వెళ్లిపోయిందని. ఎటు అని అడిగితే చెయ్యి చాపి మా పెరడు, పక్క పెరడు, వెనక కొండ మొత్తం ఒకేసారి చూపించాడు.

సంచులు తగలబెట్టాను. చిక్కుడు పాదు పీకించాను. నేలకి సిమెంటు, చుట్టూ సన్నకన్నాల ఇనపజాలీ వేయించాను. మా ఆవిడ మాత్రం పెరట్లోకి రాలేదు. మళ్లీ గోడ పట్టుకుంది. ఉప్మా మళ్లీ నా వంతయింది. మంచం మీద అటునుంచి ఇటు తిరగడానికి పళ్లు బిగించి, చెమటలు కక్కుతోంది. డాక్టరుకి ఫోన్ చేస్తే, "తొట్టి మానేస్తే ఇక ఆపరేషనే," అన్నాడు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం, ఎండ దంచుతుండగా నీళ్లు కాచాను. అమ్మ పట్టుకుని నడిపిస్తే మా ఆవిడ జాలీ తలుపుదాకా వచ్చింది.

"మెల్లిగా అమ్మీ, మెల్లిగా. అడుగు సూసుకో," అంటోంది అమ్మ.

నేను సిమెంటు చూపించాను. జాలీ తట్టి చూపించాను. తొట్టి చుట్టూ కర్రతో కొట్టి, టార్చి వేసి చూశానని చెప్పాను. "మూత రాత్రి నేనే బిగించేను. లోపల చీమ కూడా లేదు."

మోటారు గుర్రుమంటోంది. మూత నడిమధ్య ఒకసారి పైకి ఉబ్బి దిగింది. బుడగలే.

ఆవిడ మూతకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది.

"అయితే ఆ మూత తీసి, ముందల మీరు దిగండి," అంది.