సంతకం పెట్టకు తమ్మీ

కాగజ్‌నగర్ బస్సులో నా పక్కనున్న ఆమె అమెరికాలోని తమ్ముడితో ఫోనులో మాట్లాడుతోంది. గ్రీన్‌కార్డు ఉన్నా, పాత కేసొకటి తవ్వి అతన్ని దేశం నుంచి పంపించేస్తామంటున్నారట అక్కడి అధికారులు. కోర్టుకెళ్లకుండా వెళ్లిపోతానని కాయితం మీద సంతకం పెట్టమంటున్నారట.

ముందు సీట్లోని పెద్దమనిషి అడగకుండానే వెనక్కి తిరిగాడు. "తప్పు చేసినోనికి కోర్టులెందుకమ్మా? సంతకం పెట్టి రమ్మను."

"నిన్ను అడిగిన్నా?" ఆమె అతన్ని ఉమ్మి మరకను చూసినట్టు చూసి, మళ్లీ ఫోనందుకుంది. "ఏ కాయితం మీదా సంతకం పెట్టకు తమ్మీ. జడ్జి ముందట చెప్పుకునే హక్కు నీకున్నది. ఇన్నేండ్ల సంది ఆడనే బతుకుతున్నవని, పిల్లలు ఆడనే పుట్టిన్రని వకీలు చెప్తడు. ఫికర్ చెయ్యకు."

మంచిర్యాల దాటాక పెద్దమనిషి గొంతు తగ్గించాడు. "గా వకీలు నంబరు జర ఇస్తవా? మా అల్లుడు గూడ ఆడనే ఉన్నడు."

నేనైతే ఇచ్చేదాన్ని కాదు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే, ఒక్కో అంకె ఆగి ఆగి చెప్పింది.