మామగారి ఎనిమిదో నది

మొన్న టీవీలో కొత్త యుద్ధనౌకను సముద్రంలోకి దించుతూ దానికొక నది పేరు పెట్టామని చెబుతుంటే, ఉప్పునీళ్ళలో తిరిగే ఓడకు మంచినీళ్ళ పేరేమిటని మా మనవరాలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒలుస్తున్న చిక్కుడుకాయలు చేతిలోనే ఉండిపోయి, మనసు మాత్రం ఉదయగిరిలో మా అత్తగారింటి దొడ్లోకి వెళ్ళిపోయింది. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, స్వరాజ్యం వచ్చిన కొత్తలో మన నేవీలో కృష్ణ, కావేరి, యమున అని నదుల పేర్లున్న ఓడలుండేవి. మాకు వాటి సంగతి తెలిసింది పేపర్ల వల్ల కాదు, మా మరిది వల్ల.

నేను ఆత్మకూరు నుంచి కోడలుగా వచ్చేటప్పటికే మరిది ఆ ఇంట్లో లేడు. మామగారిది చెక్క గరిటెలు కొని నెల్లూరు అంగళ్ళకు వేసే వ్యాపారం. మా ఆయనా, మరిదీ చెరో పక్క నిలబడితే వ్యాపారం కావలి దాకా పాకుతుందని ఆయన ఆశ. చిన్నవాడేమో అంగడి పని మీద మద్రాసు పోయి, ఇంట్లో ఒక్కరికీ చెప్పకుండా నేవీలో చేరిపోయి, ఆనక తీరిగ్గా కార్డు రాశాడు. వాడి పేరు ఇక ఈ ఇంట్లో వినపడకూడదన్నారట మామగారు. సెలవు దొరికినా గడప తొక్కే ధైర్యం లేక అతను రావడం మానేశాడు. తాను కన్ను మూసేలోగా తండ్రీ కొడుకులు ఒక్క మాట మాట్లాడుకుంటే చాలని అత్త నా దగ్గర కళ్ళొత్తుకునేది.

పేరెత్తకూడదు కాబట్టి అత్త ఒక ఉపాయం కనిపెట్టింది. కార్డు వచ్చినప్పుడల్లా నా చేత చదివించుకుని, మామగారు వసారాలో కూర్చునే వేళ చూసి, దొడ్లో బర్రెకు మేత వేస్తూ దానికి చెప్పేది, ఇప్పుడు కృష్ణ అనే ఓడ మీద ఉండాడంట, ఒళ్ళు బాగుండాదంట అని. బర్రె శ్రద్ధగా వినేది. మామగారు ఏమీ విననట్టు విసనకర్ర విసురుకునేవారు.

మాది ఉప్పుబావి. ఆ నీళ్ళే గంగాళంలో తోడిపెడితే, మామగారు పొద్దున్నే చెంబు ముంచి, ఆ కాలపు పెద్దలందరిలాగే గంగ మొదలుకొని కావేరి దాకా ఏడు నదులనూ పిలిచి నెత్తిన పోసుకునేవారు. ఆత్మకూరులో మా నాయనా అంతే. ఆ ఏడింట్లో మా పెన్నకు చోటు లేదని నాకు చిన్నప్పటి నుంచీ ఉక్రోషం. కోడలిని గనుక మామగారి ఎదుటికి పోకుండా, తడిక వెనక పిండి రుబ్బుకుంటూ వింటుండేదాన్ని. ఒకరోజు కావేరి తర్వాత చెంబు ఆగింది. కాసేపటికి ఆయన గొంతు బాగా తగ్గించి, కృష్ణ అన్నారు. ఏడింట్లో కృష్ణ లేదు. పెద్దవయసు కదా, తడబడ్డారనుకున్నాను. మర్నాడూ అట్లాగే అన్నారు, ఆ తర్వాతా అంతే. కొన్నాళ్ళకు బర్రెకు కొత్త కబురు అందింది, మరిదిని కావేరి అనే ఓడకు మార్చారని. మర్నాడు రుబ్బడం ఆపి చెవులు రిక్కించాను. మామగారు కృష్ణను వదిలేసి, కావేరిని ఇంకోసారి పిలిచి నీళ్ళు పోసుకున్నారు. నాకు దుఃఖం ఆగలేదు. అత్తకు చెబుదామనుకున్నాను గానీ, చెబితే ఆమె ఉండబట్టలేక అడిగేస్తుంది, అడిగితే ఆయన అభిమానపడి మానేస్తారు. అందుకని నోరు మూసుకున్నాను.

పురిటికి ఆత్మకూరు వచ్చి నేనింకా పుట్టింట్లోనే ఉండగా, సెలవు మీద వచ్చిన మరిది బిడ్డను చూడటానికి వచ్చాడు. అతన్ని నేను చూడటం అదే మొదలు. బిడ్డ చేతిలో గిలక్కాయ పెట్టి, మెల్లగా అడిగాడు.

"నాయనకు నామింద కోపం తగ్గిందా వదినా?"

"కోపం సంగతి నాకు తెలీదబ్బాయ్. నీ ఓడ పేరు తలుచుకోకుండా మాత్రం ఆయన చెంబెడు నీళ్ళు కూడా పోసుకోడు" అని, తడిక వెనక విన్నదంతా చెప్పేశాను.

అంత మనిషీ పసిబిడ్డ ముందర వెక్కి వెక్కి ఏడ్చాడు. అన్నం తిని పొమ్మన్నా ఆగకుండా ఉదయగిరి బస్సెక్కాడు.

తర్వాతది అత్త చెప్పగా విన్నాను. అంగట్లో గరిటెలు కట్టలు కట్టిస్తున్న మామగారు తలెత్తి కొడుకును చూసి, మళ్ళీ కట్టల మీదికి వంగి, అన్నేళ్ళ తర్వాత నోరు విప్పి అడిగింది ఒక్కటేనట.

"ఇప్పుడు ఏ ఓడ మింద ఉండావురా?"

మామగారూ అత్తా పోయి ఎంతో కాలమైంది. ఇప్పుడు ఇంట్లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఎవరెక్కడున్నారో బర్రెకు చెప్పవలసిన పని లేదు. నా కొడుకులిద్దరూ ఏదో పట్టింపు వచ్చి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. వాళ్ళు స్నానానికి వెళ్ళినప్పుడు నేను ఆ తలుపు దగ్గరే ఏదో పని కల్పించుకుని నిలబడుతుంటాను. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడదు.