అత్త ఔన్సు గ్లాసు

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవుల్లో అత్త నన్నారి సీసా, అదే సుగంధి వేళ్ల పాకం, బయటికి తీసిందంటే చాలు, నేను వంటింటి గడప దగ్గర ప్రత్యక్షం.

అత్త అంటే మా నాన్న అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నాన్న పత్తి లారీల మీద ఊళ్లు తిరిగేవాడు కనక తమిళనాడులోని మా రాజపాళయం ఇంట్లో ఎప్పుడూ మేమిద్దరమే. అత్త ఒక ఆస్పత్రిలో మందులు కలిపి ఇచ్చే పని చేసేది. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది... నా తలకు నూనె ఒక ఔన్సు, పిల్లికి పాలు రెండు ఔన్సులు. అన్నీ ఆస్పత్రి లెక్కే!

దానికో గాజు గ్లాసు ఉండేది. పిడికిట్లో ఇమిడిపోయేంత, పక్కన గీతలతో. అత్తకు దగ్గరి చూపు ఆనేది కాదు. కళ్లద్దాలేమో రోజూ ఆస్పత్రిలోనే మర్చిపోయి వచ్చేది. అందుకని గీత చూడటం నా ఉద్యోగం. గచ్చు మీద బోర్లా పడుకుని, గ్లాసుకు సమంగా కళ్లు పెట్టి చూసేదాన్ని. ఆవిడ సీసా వంచుతూ అడిగేది...

"సరియా చూసి చెప్పు పాపా. ఔన్సు వచ్చినాదా?"

"ఇంగా రాలేదత్తా..."

"ఇప్పుడు వచ్చినాదా?"

"ఔను!"

నిజం చెప్పేస్తున్నా... గీత దాటిన చాలాసేపటికి గానీ నా నోట "ఔను" వచ్చేది కాదు. తీపి పిచ్చి మరి! దాన్ని పెద్ద గ్లాసులో పోసి, చల్లటి కుండనీళ్లు కలిపి, నిమ్మకాయ పిండి ఇచ్చేది. అత్తను బురిడీ కొట్టించానని లోలోపల పొంగిపోతూ తాగేదాన్ని.

బళ్లో ఒకసారి ఔన్సులు, గ్యాలన్లు పోయాయి, ఇక అన్నీ లీటర్లేనని చెప్పి, మార్చే లెక్కలు చేయించారు. ఇంటికొచ్చి పెద్ద వార్తలా చెప్పాను.

"ఔన్సు పోయినాదంట అత్తా! ఇంగ మిల్లీనే."

"పోతే పోనీ. మనింట్లో ఉంటాది," అంది అత్త.

నేను పెళ్లి చేసుకోలేదు. చివరిదాకా అత్తతోనే ఉన్నాను. ఆవిడకు షుగరు వచ్చాక నన్నారి ఆగిపోయింది. ఆ గ్లాసు కూడా ఎప్పుడో పగిలిపోయింది. అత్త పోయి ఏడాది దాటింది...

ఈ వేసవిలో పక్కనున్న సేత్తూరు నుంచి ఒకామె నన్నారి వేళ్లు గంపలో పెట్టుకుని మా వీధికి వచ్చింది.

"ఎంత మందికక్కా?" అని అడిగింది.

"ఇద్దరికి," అన్నాను. ఒక్కదాన్నే అని చెప్పడానికి నోరు రాలేదు.

అత్త పాత డబ్బాలో కాగితం దొరికింది. మాట మన తెలుగే, రాత తమిళ అక్షరాల్లో... మా ఊళ్లో చదువంతా తమిళమే కదా. వేళ్లెన్ని, చక్కెర ఎంత, అన్నీ రాసి, చివర్న "గ్లాసుకు ఒక ఔన్సు" అని ఉంది. ఆ ప్రకారమే పాకం కాచి సీసాలో పోసుకున్నాను. ఫోన్ని అడిగితే ఇరవై ఎనిమిది మిల్లీ, పైన చిల్లర అంది. దగ్గు మందు మూతతో కొలిచి పోశాను. చప్పగా ఉంది. మళ్లీ జాగ్రత్తగా కొలిచి కలిపాను... అదే చప్పదనం. ఆ రుచి కూడా అత్తతోనే పోయిందనిపించి, వంటింట్లో నిలబడే ఏడ్చేశాను.

కాగితం మడిచి పెట్టేయబోతుంటే వెనకవైపు ఇంకో ముక్క కనిపించింది.

"పాపకైతే, అది ఔను అనేదాకా."

అంటే తెలుసు! అన్నేళ్లూ తెలిసే అడిగింది... ఆ కళ్లద్దాలు కూడా కావాలనే వదిలేసి వచ్చేదేమో.

మూత పక్కన పడేసి, సీసా వంచి పోశాను. "ఔన్సు వచ్చినాదా?" అని పైకే అడిగాను. కాసేపు అలాగే పోసి, చివరికి "ఔను" కూడా నేనే అనుకున్నాను. తాగి చూస్తే... అదే రుచి. చిన్నప్పటిదే. ఇద్దరికన్నాను కదా అని కలిపిన రెండో గ్లాసు ఎవరికివ్వాలో తెలియక బల్ల మీదే ఉంచేశాను.

ఇప్పుడు ప్రతి సీసా మీదా మిల్లీలీటర్లు అచ్చేసి ఉంటున్నాయి... వచ్చిందా అని ఎవర్నీ అడగక్కర్లేదు. మీరు చాలనేదాకా చెయ్యి ఆపకుండా పోసినవాళ్లు మీ ఇంట్లో ఎవరు? రాయండి... చదవడానికి నాకు మధ్యాహ్నాలు బోలెడున్నాయి.