ఏడు బావుల మందు

నన్ను కుక్క కరిచిన మాట నిజం. దాని మీద నేను చెప్పిందంతా అబద్ధం.

పంతొమ్మిది వందల అరవై దాటిన తొలి సంవత్సరాలు. పక్కింటి దొడ్లో సీతాఫలాలు కోద్దామని గోడ దూకితే వాళ్ల కుక్క నా పిక్క పట్టుకుంది. మీసాలున్న మనిషిని, పండ్ల దొంగనని ఎట్లా చెప్పుకోను? పానగల్ దారిలో పిచ్చికుక్క తరిమిందన్నాను.

చెప్పాక మందు తాగక తప్పలేదు. మూసీ అవతల ఒక ముసలాయన పసరు పోసేవాడు. ఆకు పేరు బయటపెడితే పని చేయదట. పసరు తాగి, ఏడు బావుల్లోకి తొంగి నీడ చూసుకోవాలి. నలభై రోజులు సూది వేయించుకోకూడదు, వేస్తే పసరు విరిగిపోతుందట. బాగైనవాళ్లు కొబ్బరికాయ తెచ్చి ఆయన దూలానికి కట్టేవారు. దూలం నిండా కాయలే. బాగుకానివాళ్లు కాయ పట్టుకుని రాలేరు కదా అన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. నేనూ ఒకటి కట్టి వచ్చాను.

ఆ తర్వాత కథ మొదలుపెట్టాను. మూడు రోజులు మొరిగానన్నాను. ఆరో బావిలో నా నీడకు కుక్క చెవులు మొలిచాయని, ఏడో బావిలో అవి ఊడి నీళ్లలో పడ్డాయని చెప్పేవాణ్ణి. అంగట్లో జనం నన్ను ఆపి మరీ చెప్పించుకునేవారు.

రెండేళ్లకు మా బావను, అంటే మా అక్క భర్తను, కేతేపల్లి దగ్గర ఒక కుక్క కరిచింది. నోటివెంట చొంగ కార్చుకుంటూ రెండు దూడల్ని కూడా కొరికి, సాయంత్రానికి చచ్చిందది. బావ బావులు తవ్వే పని చేసేవాడు. నల్లగొండ దవాఖానలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారని ఎవరో చెబితే నవ్వాడట. నాకు కబురు అంది పరుగెత్తుకెళ్లేసరికి పసరు తాగి, బావులు చూసి, అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“ఏడు బావులల్ల మూడు నేను తవ్వినయే బామ్మర్ది. చెవులు గిట్ల ఏం మొలవలే!”

“బావా, నన్ను కరిసింది పిచ్చికుక్క కాదు. పక్కింటి కుక్క. అదింక బతికే ఉంది. పా, దవాఖానకు పోదాం.”

“గిన్నొద్దులు నిజం జెప్పి, గిప్పుడు అబద్ధమాడుతున్నవా?”

నా మాట చెల్లదని తెలిసి మర్నాడు ఆ కుక్కనే తాడు కట్టి నాలుగు కోసులు ఈడ్చుకొచ్చాను. ఊరంతా మూగింది. బావ దాని మొహం పట్టి చూశాడు.

“దీనికి గూడ పసరు తాపినవారా?”

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అదే నా ఖర్మ. అక్క మాత్రం నవ్వలేదు.

“నలభై రోజులు సూది మాటెత్తద్దన్నడు పెద్దాయన. అపశకునం మాటలు మాట్లాడకు. పో తమ్మీ.”

నేను మళ్లీ పోయాను, మళ్లీ చెప్పాను. ముప్పై నాలుగో రోజున బావ చెంబెడు నీళ్లు చూసి గోడకు నక్కాడు. బండి కట్టి నల్లగొండ తీసుకుపోయాం. డాక్టరు తలుపు దగ్గరే ఆగి, ఎన్నాళ్లయిందని అడిగాడు. చెప్పాను. ఇక సూది పనిచేయదన్నాడు. బావ రెండో రోజు పోయాడు. జీవితమంతా నీళ్లకోసం రాయి పగలగొట్టినవాడు, గొంతు తడుపుకోలేక పోయాడు.

పసరు తప్పని ఎవరూ అనలేదు. దినాలనాడు అక్క అందరి ముందూ నాతో అన్నది ఇది:

“మందు పనిజేస్తుండె. కుక్కను నా ఇంటి మీదికి తోలుకొచ్చి ఎక్కిరిస్తివి. నువ్వే విరగ్గొట్టినవ్.”

నేనేం చెప్పినా ఎవరు నమ్ముతారు?

ఆ ఎండాకాలమే అక్క వాడకట్టులో ఒకామెను కుక్క కరిచింది. అక్కే దగ్గరుండి పసరు కోసం మూసీ దాటించిందట. బయల్దేరేముందు ఆమె ఇంటివాళ్లకు గట్టిగా చెప్పిందట: “మా తమ్మునికి మాత్రం తెల్వనియ్యకుండ్రి.”