బిగించారా, లేదా?

గ్లెనిస్ రూర్క్‌కు ఒకచోట కాలు నిలవదు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో పందొమ్మిదేళ్ళుగా ఆవిడది ఒకటే పని. నదీజలాల సంస్కరణల్లో రాష్ట్రాలు ఒప్పుకున్నవి చేశాయో లేదో చూసి, పట్టికలో గడికి రంగు వేయాలి. చేస్తే ఆకుపచ్చ, చేయకపోతే ఎరుపు.

ఈసారి నివేదిక శుక్రవారానికి పంపాలి. డార్లింగ్ నదిలోంచి రైతులు తోడే పంపులకు నీళ్ళ మీటర్లు పెట్టారా అన్న గడికి రెండేళ్ళ కిందట ఆకుపచ్చ వేసింది తనే. ఫొటోలు చూసి వేసింది. మీటర్ల లెక్క ప్రకారం రైతులు తోడింది గుక్కెడు నీళ్ళు. మరి దిగువన విరబుల్లా ఊరి దగ్గర నది ఎందుకు ఎండింది? వారం రోజులుగా ఆ ప్రశ్న ఆవిణ్ణి సరిగా తిననివ్వలేదు. బుధవారం పొద్దున్నే కారు తీసింది.

ఎగువన పత్తి రైతు క్లైవ్ తన మీటరు చూపించాడు. అది ఇంకా కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది.

"ఫొటో తీసుకో. ఎంత ముద్దుగా ఉందో!"

"ముందు పంపు వెయ్యి."

వేశాడు. మనిషి దూరేంత గొట్టంలోంచి నీళ్ళు కాలవలోకి దూకాయి. మీటరు మీద అంకె కదల్లేదు.

"తీగ కలపలేదా?"

"కలపమని ఎవరడిగారు?" క్లైవ్ బుకాయించలేదు. షెడ్డులోంచి పాత ఫారం తెచ్చి వేలు పెట్టి చూపించాడు. "'మీటరు బిగించారా?' అన్నారు. బిగించాను, అవునని రాశాను. అందులో అబద్ధమేముందమ్మాయ్?"

ఆ ప్రశ్న రాసింది గ్లెనిసే. నడుస్తోందా అని అడగాలని తట్టలేదు. సిగ్గుతో ఆవిడ చెవులు కాలిపోయాయి.

సాయంత్రానికి విరబుల్లా చేరింది. తమ ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాసి జవాబు రాని డల్సీ అనే ముసలమ్మ తలుపు తీసింది. గ్లెనిస్ తనెవరో చెప్పింది.

"మీ కాగితంలో ఆకుపచ్చ వేశారటగా? మా కుళాయిలోనూ అదే రంగు నాచు నీళ్ళు. చక్కగా కుదిరింది!"

గ్లెనిస్ లోపలికి వెళ్ళింది. డల్సీ వంటింటి బల్ల మీదే కంప్యూటరు తెరిచి గడిని ఎరుపు చేసింది. కింద రాసింది: "పోయినసారి ఆకుపచ్చ తప్పు. ప్రశ్న రాసిందీ, రంగు వేసిందీ నేనే." పంపేముందు పైఅధికారికి ఫోన్ చేసి చెప్పింది.

"నీ ఉద్యోగానికి నువ్వే నీళ్ళు వదులుకుంటున్నావు. ఆ వాక్యం తీసెయ్."

"తియ్యను," అని పంపేసింది.

డల్సీ కళ్ళజోడు సవరించుకుని తెరమీది ఎరుపును చూసింది. "అయితే ఇప్పుడు నీళ్ళొస్తాయా?"

"రాష్ట్రం జవాబివ్వడానికి ఆరు నెలల గడువు. మళ్ళీ తనిఖీ రెండేళ్ళకి."

"నాకిప్పుడు ఎనభై ఏడేళ్ళమ్మా."

డల్సీ కొట్లో కొన్న నీళ్ళ సీసా మూత తిప్పి, టీ కెటిల్‌లో ఇద్దరికి సరిపడా పోసింది.