ఇంకా కాలేదన్న మా మేడం

మా మేడం పోయారని ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది నాతోపాటు వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివిన స్నేహితురాలు. "నిన్న పగటీలి దవాఖానకు తీస్కపోయిండ్రట. పొద్దుగాల పోయిండ్రు," అంది. ఫోన్ పెట్టేసి పాలు స్టవ్ మీద పెట్టాను, కాగకముందే దించేశాను. కూరగాయలు తరగబోయి కత్తిపీట పక్కన పడేశాను. గేటు దాకా వెళ్లి, ఎందుకొచ్చానో తెలియక వెనక్కి వచ్చాను. ఇక ఇంట్లో నిలవలేక హైదరాబాద్‌లో వరంగల్ బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికినా దారంతా కుదురుగా కూర్చోలేదు.

మేడం కూడా ఎప్పుడూ కుదురుగా కూర్చునే మనిషి కాదు. ఎనభైల చివర్లో ఆమె మా కాలేజీలో తాత్కాలిక లెక్చరర్. కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత ఆమెదే. పాలకుర్తి పక్కన ఒక పల్లెలో మిర్చి, పత్తి పండించే ఇంట్లో పుట్టి పెరిగారు. భర్తకు డోర్నకల్‌లో రైల్వే కొలువు. ఆయన పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు తిరిగొచ్చేవారు. మేడం ప్రోగ్రాంను కాగితాల మీద ప్రింట్ తీసుకుని, గదిలో అటూ ఇటూ నడుస్తూ పైకి చదివేవారు. చేతిలో టీ చల్లారిపోయేది. ల్యాబ్‌లోకి దుమ్ము రాకూడదని చెప్పులు బయట విడవాలి కదా, ఆమె ఏదో ఆలోచిస్తూ బయటికి వచ్చి, కాలికి తగిలినవి తొడుక్కుని ఇంటికి పోయేవారు. ఒకసారి అవి నావి. మర్నాడు ఆమె చెప్పులేసుకుని పోయి మార్చుకున్నాను. "పిల్లా, నీ చెప్పులే మంచిగున్నయి, జర ఆలోచించి ఇస్త," అన్నారు నవ్వుతూ.

అప్పటిదాకా ఒక కంప్యూటర్‌లో ఉన్నది ఇంకోదానికి కావాలంటే ఫ్లాపీలో కాపీ చేసుకుని గది దాటి నడవడమే. ఆ ఏడు ఈథర్‌నెట్ కార్డులు వచ్చాయి. ఒక్కో కంప్యూటర్‌లో ఒక కార్డు బిగించి, అన్నిటినీ కేబుల్‌తో కలిపితే ఫైళ్లు వాటంతటవే అటూ ఇటూ పోతాయని మేము సంబరపడ్డాం. బిగించాం, కలిపాం. ఏదీ పలకలేదు. కార్డుతో పని చేయించడానికి కంప్యూటర్‌లో డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉండాలి. ఆపరేటింగ్ సిస్టం మాట కార్డుకూ, కార్డు మాట సిస్టంకూ చేరేది దాని ద్వారానే. కార్డులతో వచ్చిన డ్రైవర్ వేరే సిస్టంకు రాసింది. మా దగ్గర ఉన్నది యూనిక్స్. అమ్మినవాళ్లను అడిగితే దానికి ఇంకా ఎవరూ రాయలేదన్నారు.

కార్డులు వాపస్ పంపుదామన్నారు మా డిపార్ట్‌మెంట్ హెడ్ సార్.

"వద్దు సార్. మనమే రాద్దాం," అన్నారు మేడం.

నా ప్రాజెక్టు అదే అయింది. కార్డు మీది చిప్ గురించిన మాన్యువల్ ఒకటే ఉండేది. అది పట్టుకుని మేడం నడుస్తుంటే నేను వెనకాల నడిచేదాన్ని. "కార్డు తనంతట తాను ఏం చెప్పది. ఏం జరుగుతాందో మనమే అడగాలె. అడిగినంకనే నమ్మాలె," అనేవారు. నేను ఏదైనా "అనుకుంటున్నా మేడం" అంటే ఆగి నా మొహం చూసేవారు. "అనుకునుడు వద్దు. చూసినవా?"

వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం, గది ఈ చివర నేను కొట్టిన నాలుగు అక్షరాలు ఆ చివర తెర మీద కనిపించాయి. పిల్లలం అందరం చప్పట్లు కొట్టాం. మేడం అప్పటికే పెద్ద ఫైలు పంపమంటున్నారు. అది సగం దాకా పోయి ఆగింది. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే నడిచింది. కాసేపటికి మళ్లీ ఆగింది. ఎప్పుడు ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో అంతుపట్టలేదు. ఆమె తిండి మీద ధ్యాస తప్పింది. అన్నం డబ్బా తెరిచి, ఒక ముద్ద తిని, మూత పెట్టి లేచిపోయేవారు.

అంతలో కాలేజీకి కమిటీ వచ్చింది. కొత్త ల్యాబ్‌కు అనుమతి ఇవ్వాల్సింది వాళ్లే. మేడం ఉద్యోగం పర్మనెంట్ చేయమని హెడ్ సార్ అడిగిందీ వాళ్లనే. "చిన్న ఫైలు పంపి చూపియ్యమ్మా, చాలు," అని ఆయన ముందే చెప్పి పెట్టారు. మేడం అలాగే చూపించారు. ఫైలు చక్కగా చేరింది. వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన మెచ్చుకుని, "అయితే డ్రైవర్ పూర్తయినట్టేనా?" అని అడిగారు.

"లేదు సార్, ఇంకా కాలేదు. ఎక్కువ పని పడితే ఆగిపోతాంది. ఎందుకో నాకింకా దొరకలే," అన్నారు మేడం.

హెడ్ సార్ నేల చూశారు. పెద్దాయన తలూపి పక్క గదికి నడిచారు. ల్యాబ్‌కు అనుమతి వచ్చింది. మేడం పోస్టు రాలేదు. ఆ మాట వల్లనో, ఇంకేదైనా కారణమో మాకు ఎన్నడూ తెలియలేదు. ఏడాది ముగిశాక ఆమెను కొనసాగించరని మాత్రం తెలిసింది.

నాకు కోపం ఆగలేదు. "ఎందుకు చెప్పిండ్రు మేడం? అయిపోయిందంటే ఏం బోయేది?"

ఆమె నడక ఆపలేదు. "అడిగిండు గద పిల్లా. కాలేదని ఎరికుండి కూడా అయిందని ఎట్ల అంట?" గది చివరిదాకా పోయి తిరిగి వచ్చారు. "నాకు ఫికర్ లేదనుకుంటున్నవా? ఇంట్ల ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. పా, ఆ కాగితాలు తీయి."

మిగిలిన రోజుల్లో ఆమె పని విడిచిపెట్టలేదు. ఒకరోజు కంప్యూటర్లన్నిటి నుంచీ ఒకేదానికి ఒకేసారి ఫైళ్లు పంపమన్నారు. నిమిషంలో ఆగిపోయింది. మళ్లీ చేశాం, మళ్లీ ఆగింది. నేను నీరుగారిపోయాను. మేడం కళ్లు మెరిశాయి. "మంచిదే. ఇన్నొద్దులు దాని ఇష్టమొచ్చినప్పుడు ఆగింది. ఇప్పుడు మనం ఆపుతే ఆగుతాంది. ఇగ దొరుకుతది."

దొరికింది. వచ్చిన సమాచారాన్ని కార్డు తన చిన్న జాగాలో పెట్టుకుని కంప్యూటర్‌ను పిలుస్తుంది. పిలిచినప్పుడల్లా మా డ్రైవర్ అందులోంచి ఒక్క ముక్కే తీసుకుని వెళ్లిపోతోంది. వెనక వచ్చినవి పేరుకుని జాగా నిండిపోతే కార్డు నోరు మూసుకుంటోంది. అది పిలవదు, ఇది పోదు. మేడం కొన్ని లైన్లు మార్చారు. వెళ్లే ముందు ఇంకేమైనా మిగిలిందేమో చూసి అన్నీ తీసుకునేట్టు, నిండిపోతే ఖాళీ చేసి కార్డును మళ్లీ లేపేట్టు రాశారు. పొద్దున మొదలుపెట్టిన ఫైళ్లు ల్యాబ్ మూసేదాకా పోతూనే ఉన్నాయి.

"అయిపోయినట్టేనా మేడం?"

"రేపు గూడ నడవనియ్యి."

మర్నాడూ నడిచింది. హెడ్ సార్ వచ్చి తెర ముందు చాలాసేపు నిలబడ్డారు. "అమ్మా, ఆ రోజు నేను..." అని ఆగారు. మేడం ఆయనను ఇబ్బంది పడనివ్వలేదు. "కేబుల్ చివర బిగించిన మూత పిల్లలు ఊడగొడుతాండ్రు సార్. అది ఊడితే అన్నీ ఆగిపోతయి. జర చూస్కోమనండి," అన్నారు. ఆ వారమే కాలేజీ విడిచిపోయారు. ఆ కంప్యూటర్లను పక్కన పెట్టేదాకా ఆమె డ్రైవరే నడిచిందని తర్వాతి పిల్లలు చెప్పారు. ఆమెకు కొన్నాళ్లకు ఒక పాలిటెక్నిక్‌లో ఉద్యోగం దొరికింది. రిటైరయ్యేదాకా అక్కడే చదువు చెప్పారు. నేను ఇన్నేళ్లూ నెట్‌వర్కుల పనిలోనే బతికాను. ఆఫీసులో ఎవరైనా "అయిపోయింది" అనగానే నా లోపల ఏదో లేచి నిలబడుతుంది. అది ఆమె పెట్టిన అలవాటు. దానితో చాలాసార్లు విసిగిపోయాను, అంతకన్నా ఎక్కువసార్లు ఒడ్డున పడ్డాను. ఆ సంగతి ఆమెకు చెప్పాననే అనుకుంటున్నాను.

హనుమకొండలో ఇల్లు వెతుక్కుని నేను చేరేసరికి సాయంత్రమైంది. అప్పటికే అంతా అయిపోయింది. మేడం వాళ్లాయన శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి, తడి తలతో వాకిట్లో కూర్చున్నారు. నేనెవరో చెప్పుకున్నాను. "ఎరికే బిడ్డా, నీ గురించి చెప్పేది," అన్నారు. వాకిట్లో తీగ మీద ఆమె నేత చీర ఒకటి ఆరేసి ఉంది. నిన్న పొద్దున ఆమే ఉతికారట. గాలికి అది తీగ చుట్టూ మెలిపడింది. ఆయన లేచి, మెల్లగా విప్పి, అంచులు రెండూ సరిచేసి వచ్చి కూర్చున్నారు. మళ్లీ గాలి వచ్చింది. మళ్లీ లేచారు.