రాకముందే పెట్టిన కూడిక

మొన్న ఫోనులో ఓ ఆహ్వానం వచ్చింది. మలికిపురంలో తెలిసినవాళ్లింట్లో కృతజ్ఞత కూడిక, తప్పక రావాలి, భోజనాలు అక్కడే. మా క్రైస్తవుల ఇళ్లలో ఏ మంచి జరిగినా, ఉద్యోగం వచ్చినా, కాన్పు సుఖంగా అయినా, నలుగుర్నీ పిలిచి ప్రార్థన చేయించి అన్నం పెట్టడం ఆనవాయితీ. అందుకే కూడిక అనగానే వీళ్లకేం కలిసొచ్చిందా అని ఆరా తీయనిదే నాకు తోచదు. ఈ గుణం అమ్మవైపు నుంచి వచ్చింది. అయితే నన్ను ఏళ్లతరబడి తొలిచేసింది మాత్రం మా పిన్ని పెట్టిన కూడిక.

పిన్నివాళ్లది రాజోలు దగ్గర. బాబాయి డ్రైవరు పనికని కువైట్ వెళ్లారు. అక్కడి యజమాని పాస్‌పోర్టు లాక్కుని ఇంటికి పంపనన్నాడు. గొడవపడి బయటికొచ్చేసి, కాగితాల్లేని మనిషై, ఎక్కడెక్కడో పనిచేసుకుంటూ ఎప్పుడో ఓసారి ఫోను చేసేవారు. పిన్ని మిషను కుడుతూ, ఆదివారం చర్చిలో ఆయన కోసమే ప్రార్థన చేయిస్తూ ఉండేది. నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, ఉన్నట్టుండి అందర్నీ కూడికకి పిలిచింది. ఎందుకో చెప్పలేదు.

చెప్పకపోతేనేం, మనిషి వచ్చేశాడని ఊరు ఊరంతా తేల్చేసుకుంది. పక్కింటావిడ ఆయనకిష్టమని జున్ను వండుకొచ్చింది. అమ్మ మరిదికి కొత్త పంచె కొంది. నేనూ తక్కువేం తినలేదు. మంచినీళ్ల వంకతో వంటింట్లోకి, అక్కణ్ణుంచి పడగ్గదిలోకి, ఆఖరికి పెరట్లో కొబ్బరికాయల రాశి వెనక్కి కూడా తొంగిచూశాను. బాబాయి ఎక్కడా లేరు.

పాస్టరుగారు బైబిలు తెరిచి, ఏ వాక్యం ఎత్తుకోవాలో తెలియక, "ఇంతకీ మీవారేరమ్మా?" అన్నారు.

"ఇంకా రాలేదండి," అంది పిన్ని.

"మరి కూడిక దేనికమ్మా?"

"దేవుడు తీసుకొస్తాడు కదండీ. వచ్చేక ఎవరైనా పెడతారు. మీరు ప్రార్థన కానివ్వండి, అన్నం చల్లారిపోతోంది."

ఎవరూ నవ్వలేదు. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అమ్మ పంచె సంచీ ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. తర్వాత అందరం బిరియానీ తిన్నాం. బాగుంది కూడాను.

ఆ తర్వాత చాలా ఏళ్లకి, కాగితాల్లేనివాళ్లని అక్కడి ప్రభుత్వం క్షమించి స్వదేశాలకి వదిలిపెడితే, బాబాయి నిజంగానే వచ్చారు. అప్పటికి నా పెళ్లయి పిల్లలు కూడా. చూడ్డానికి వెళ్తే, తల ముగ్గుబుట్టయిపోయి, అరుగు మీద కొత్త చుట్టంలా ఒదిగి కూర్చున్నారు. నేను పిన్ని వెనకాలే వంటింట్లోకి వెళ్లి, ఇన్నాళ్లూ దాచుకున్న ప్రశ్న అడిగేశాను. "నీకు ఒక్కసారైనా నమ్మకం పోలేదా?"

"ఆయన మీద పోలేదమ్మా, నా మీదే పోయింది. ఇంక నా వల్ల కాదనిపించే కూడిక పెట్టేను. నలుగురి ముందూ ఆయనొస్తారని అనేస్తే వెనక్కి తగ్గలేను కదా."

కొండంత ధైర్యమనుకున్నది, పిన్ని తన భయానికి కట్టుకున్న తాడన్నమాట.

పొయ్యి మీద కాఫీ పొంగుతోంది. పిన్ని పంచదార డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మీ బాబాయిగారు ఎంతేసుకుంటారో మర్చిపోయేనమ్మా," అంది మెల్లగా. "అడగాలంటే సిగ్గేస్తోంది."

దేవుడు మనిషినైతే పంపించాడు. మధ్యలో పోయిన కాలం మాత్రం బాబాయితో రాలేదు, దాన్ని వాళ్లిద్దరూ ఒకర్నొకరు అడిగి తెలుసుకోవాల్సిందే.